మిద్దె తోట ప్రశ్నలు, జవాబులు: అనాసకు నెలలు కాదు, ఆకులు లెక్క

గడచిన రెండు నెలలలో ఈ శీర్షికకు అనాస గురించి వచ్చిన ఉత్తరాలే ఎక్కువగా ఉన్నందున, ఈసారి స్థలమంతా దానికే కేటాయిస్తున్నాం. మొగలి పొదను పోలిన ముళ్ళ ఆకులను చూసి కొందరు దీనిని పొద అని, మరికొందరు ఏకంగా చెట్టు అని రాశారు. నిజానికి ఇది చేవ కట్టని కాండంతో, పిలకల మీద పిలకలు వేసుకుంటూ ఏళ్ళ తరబడి బతికే గుల్మజాతి మొక్క. ఆ విధంగా చూస్తే అరటికి దగ్గర చుట్టంలా ప్రవర్తిస్తుంది. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారు, అనాస అన్న పేరు కూడా వారి నోటి మీదుగా మనకు అందినదే. ఆ తరువాత నూరేళ్ళు తిరగకముందే ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేల పండ్లు కాస్తున్నాయని జహంగీరు చక్రవర్తి తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. చలికాలంలో గజగజలాడే ఆగ్రాలోనే కాసిన మొక్క మన మేడల మీద కాయడానికి అభ్యంతరం చెప్పదు. ఇక ఉత్తరాలకు వద్దాం.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం బజారులో కొన్న అనాస పండు తలను కోసి, మేడ మీద పదంగుళాల కుండీలో నాటాను. మొక్క పచ్చగానే ఉంది కాని ఇంతవరకు పూత లేదు. ఆకుల ముళ్ళు మాత్రం దారిలో నడిచేవారి బట్టలు పట్టుకుంటున్నాయి. "ఇది కాసేది కాదు, తీసి పారేయ్" అని మా అత్తగారు అంటున్నారు. ఇంకా ఎన్నాళ్ళు ఆగాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పారేయకండమ్మా. మీ మొక్కలో లోపమేమీ ఉన్నట్టు లేదు, లోపం మనం వేసుకునే లెక్కలో ఉంది. అనాసను నాటి ఎన్ని నెలలైందని కాక, దానికి ఎన్ని ఆకులు వచ్చాయని అడగాలి. ఆరోగ్యమైన ఆకులు 35 నుంచి 40 వరకు వస్తే తప్ప, ఒక పండును మోసి పెంచగల బలం ఆ పొట్టి కాండంలో చేరదు. పొలంలో నాటిన మంచి పిలక ఏడాదికి ఆ స్థాయికి చేరుకుని, 15 నుంచి 18 నెలలకు పండు ఇస్తుంది. పండు తలమీది కిరీటం పిలక కంటే చిన్నది, దానిలో దాచుకున్న ఆహారమూ తక్కువ. అందువల్ల దానికి రెండేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి కూడా పడుతుంది. పదంగుళాల కుండీలో వేళ్ళు ఇరుక్కుపోతే ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

ఒక సాయంత్రం తీరికగా కూర్చుని, కింది వరుస నుంచి మొదలుపెట్టి, లెక్కపెట్టిన ఆకు మీదల్లా సుద్దముక్కతో చిన్న గీత పెట్టుకుంటూ రండి. గీత పెట్టకపోతే ఆ సుడిలో పదో ఆకు దగ్గరే లెక్క తప్పుతుంది. ఎండిపోయిన అడుగు ఆకులను, నడిమి మొవ్వులో ఇంకా విచ్చుకోని వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. సంఖ్య 30 లోపు ఉంటే పూత గురించి ఆలోచించకుండా మొక్కను 15 అంగుళాల వెడల్పు, అడుగు లోతు ఉన్న కుండీలోకి మార్చండి. దీని వేళ్ళు పైపైనే పాకుతాయి కనుక లోతు కంటే వెడల్పు ముఖ్యం. మార్చేటప్పుడు అడుగున ఎండిన ఆకులు రెండు మూడు వరుసలు ఒలిచివేస్తే, కాండం చుట్టూ గోధుమరంగు వేళ్ళు చుట్టుకుని కనిపిస్తాయి. ఆ భాగం మట్టిలోకి దిగేటట్టు నాటితే అవి వెంటనే పనిలో పడతాయి.

సంఖ్య 35 దాటి, మొక్క బలంగా ఉంటే రెండు మార్గాలున్నాయి. మొదటిది ఊరికే ఆగడం. పగటి పొద్దు తగ్గి రాత్రులు చల్లబడే మార్గశిర, పుష్య మాసాలలో అనాస తనంతట తాను పూతకు వస్తుంది, పండు వేసవి చివర నుంచి వానల మొదటిదాకా అందుతుంది. రెండవది పూతకు ప్రేరేపించడం. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులలో గాజు ఇళ్ళలో అనాస పెంచేవారు, లోపల పొగ పెడితే మొక్కలన్నీ ఒకేసారి పూతకు వస్తాయని అనుభవం మీద తెలుసుకున్నారు. పొగలోని ఎథిలీన్ వాయువే అందుకు కారణమని తరువాత తేలింది. మాగిన పండ్లు కూడా అదే వాయువును వదులుతాయి. బాగా మాగిన అరటిపండ్లు రెండో మూడో కుండీలో మొక్క మొదట్లో పెట్టి, మొక్క మొత్తాన్ని పెద్ద పాలిథిన్ సంచితో కప్పి, అంచును కుండీకి కట్టి, ఎండ తగలని నీడలో నాలుగు రోజులు ఉంచండి. ఎండలో ఉంచితే సంచిలోని వేడికి మొక్క ఉడికిపోతుంది.

ఇంతకంటే నమ్మకమైన పద్ధతి రైతులు వాడేది. ఎతెఫాన్ అనే మందు 39 శాతం ద్రావణంగా దొరుకుతుంది. పొలాలకు చెప్పే మోతాదు ప్రకారం 10 లీటర్ల నీటికి ఈ ద్రావణం సుమారు 0.65 మి.లీ., యూరియా 200 గ్రాములు, కాల్షియం కార్బొనేట్ 4 గ్రాములు కలిపి, ఒక్కో మొక్క మొవ్వులో 50 మి.లీ. పోస్తారు. ఒకటి రెండు కుండీలకు ఇంత చిన్న కొలత కుదరదు కనుక, ముందు లీటరు నీటిలో ఒక మి.లీ. మందు కలిపి, అందులోంచి 65 మి.లీ. తీసి మళ్ళీ లీటరు నీటికి సరిపెట్టండి, అప్పుడు యూరియా 20 గ్రాములు చాలు, కాల్షియం కార్బొనేట్ చిటికెడు చాలు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, మిగిలిన మందు పిల్లలకు అందనివ్వకండి. పోసే సమయం సాయంత్రమే. ఎడారి మొక్కల మాదిరిగా అనాస పగటి ఎండలో పత్రరంధ్రాలను మూసుకుని, నీటిని ఆదా చేసుకుని, రాత్రిపూట వాటిని తెరిచి గాలి పీలుస్తుంది. ఇవన్నీ ఎందుకని మామిడికాయలు మాగవేసే కార్బైడు ముక్క మొవ్వులో వేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు, వినవద్దు. తడి తగిలితే దానినుంచి వెలువడే వాయువు నిప్పంటుకునేది, పండ్లు మాగవేయడానికైతే దానిని ఎప్పుడో నిషేధించారు కూడా.

తొందరపడితే ఏమవుతుందో స్వానుభవం చెబుతాను. 24 ఆకులున్న మొక్కకు నేను ఉత్సాహం ఆపుకోలేక మందు పోశాను. పూత వచ్చింది, పండూ వచ్చింది, కాని అది పెద్ద నిమ్మకాయను మించలేదు. మా ఇంట్లో అందరూ దానిని చూసిపోయారే తప్ప కోయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

పని ఫలించిందో లేదో సుమారు 40 రోజులకు తెలుస్తుంది. మొవ్వు ఆకులు పొట్టివై, పక్కలకు ఒరిగి, మధ్యలో గరాటు విచ్చుకున్నట్టవుతుంది. లోపలికి తొంగిచూస్తే కుంకుమ అద్దినట్టు ఎర్రటి మొగ్గ కనిపిస్తుంది. కాడ పైకి లేచిన తరువాత దాని చుట్టూ ఊదారంగు పూలు కింది నుంచి పైకి, రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. పండు మీద మనం కళ్ళు అనేవి ఆ పూల గుర్తులే, అంటే మనం తినేది ఒక కాయను కాదు, నూటికి పైగా కాయలు కలిసి ఒకటైపోయిన గుత్తిని.

ముళ్ళ సంగతి మిగిలింది. అవి ఆకు అంచున కొన వైపు వంగి ఉంటాయి కనుక, ఆకును మొదలు నుంచి కొనకు నిమిరితే తెలియవు, ఎదురు నిమిరితే చేయి గీరుకుంటుంది. దారి వైపు వచ్చిన ఆకుల కొనలను కత్తెరతో రెండంగుళాలు కత్తిరిస్తే మొక్కకు నష్టం లేదు. మూడడుగుల వ్యాసం వదిలి మూలకు జరపగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: మా ఊరు పార్వతీపురం దగ్గర. సీతంపేట సంతకు వెళ్ళినప్పుడు అనాస పిలకలు తెచ్చుకున్నాను. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఇవి ఏ రకమో, పెరట్లో ఎలా నాటాలో తెలుపగోరుతాను.
– ఒక పాఠకుడు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: మీరు అనాస సీమలోనే ఉన్నారు. సీతంపేట ఏజెన్సీలో సవర గిరిజనులు కొండవాలులో, జీడిమామిడి తోటల మధ్య పెంచే పండ్లే వానల మొదట్లో మన బజార్లకు వస్తాయి. వాలుగా ఉండి నీరు జారిపోయే ఎర్రనేల ఈ మొక్కకు ఏమంత ఇష్టమో ఆ కొండలను చూస్తే తెలుస్తుంది.

మీ దగ్గర ఉన్నవి రెండు రకాల పిలకలు అయి ఉంటాయి. నేలకు దగ్గరగా, కాండం నుంచి పుట్టేవి మొదలు పిలకలు. పండు కింద కాడకు అంటుకుని, అడుగున కొంచెం వంపు తిరిగి ఉండేవి కాడ పిలకలు. అర కిలోకు కాస్త అటూ ఇటూ తూగే మొదలు పిలక అన్నిటికంటే త్వరగా కాస్తుంది, కాడ పిలకకు మరికొన్ని నెలలు పడుతుంది, కిరీటం అన్నిటికీ వెనుక. పెద్దవాటిని, చిన్నవాటిని ఒకే మడిలో కలిపి నాటకండి. ఒకదాని నీడ ఒకదాని మీద పడటమే కాక, ఆకుల లెక్క అన్నిటికీ ఒకేసారి పూర్తికాదు, పూతకు మందు పోయాలన్నా ఏది సిద్ధమైందో ఏది కాలేదో తెలియక తికమక పడతారు.

తెచ్చిన పిలకలను అడుగు ఆకులు నాలుగైదు ఒలిచి, వారం రోజులు నీడలో తలకిందులుగా ఆరబెట్టండి. కోసిన చోటు ఎండి బిరుసెక్కాలి. పచ్చి గాయంతో నాటితే కుళ్ళు ఖాయం. ఆ తరువాత మూడు నాలుగు అంగుళాల లోతులో, మొవ్వులో మట్టి పడకుండా, మొక్కకు మొక్కకు అడుగు దూరంలో, రెండేసి వరుసలుగా నాటి, జంట వరుసల మధ్య మీరు నడిచేందుకు మూడడుగుల బాట వదలండి. ఆ బాట వదలడానికి బద్ధకించిన ప్రతివారూ కలుపు తీసేటప్పుడు మోకాళ్ళ కింద గీతలతో బయటికి వస్తారు. ముసురు పట్టే రోజులలో మాత్రం నాటవద్దు.

రకం గురించి: ఆకు అంచు పొడవునా ముళ్ళుండి, పండు కిలో అటూ ఇటూ తూగి, కళ్ళు లోతుగా, కండ బంగారు పసుపుగా ఉంటే క్వీన్ జాతి. ఆకు కొనలోనూ మొదట్లోనూ తప్ప ముళ్ళు లేకుండా, పండు రెండు కిలోలకు దగ్గరగా పెరిగి, కండ లేత పసుపుగా రసం కారుతూ ఉంటే క్యూ. త్రిపుర రాష్ట్రఫలమైన అనాస, కేరళలో భౌగోళిక గుర్తింపు పొందిన వాళకుళం అనాస రెండూ క్వీన్ కుటుంబానివే. రుచి విషయంలో నా ఓటు ముళ్ళదానికే. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అయితే క్యూ పెంచుకోండి.

ప్రశ్న: కుండీలోని అనాస కొత్త ఆకులు పసుపురంగుకు తిరుగుతున్నాయి. బోరు నీరే పోస్తాను. ఎరువుగా కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద వేస్తున్నాను. ఏ లోపం?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మీరు ప్రేమతో వేస్తున్న ఆ రెండే లోపానికి కారణం. అనాస పులుపు నేలను కోరే మొక్క, ఉదజని సూచిక 4.5 నుంచి 6 లోపు ఉండాలి. గుడ్డు పెంకులు, బూడిద, గట్టి బోరు నీరు మూడూ మట్టిని క్షారం వైపు లాగుతాయి. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళకు అందదు, లేత ఆకులు ముందుగా పాలిపోతాయి. హవాయి దీవులలో మాంగనీసు ఎక్కువైన నేలలలో అనాస తోటలు ఇలాగే పసుపెక్కితే, మట్టిలో ఇనుము వేసి లాభం లేదని గ్రహించి, ఇనుప లవణాన్ని ఆకుల మీద చల్లి బాగుచేశారు. మీరూ అదే చేయండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం ఆకులు తడిసి మొదళ్ళలోకి జారేటట్టు పిచికారీ చేసి, పది రోజులకు మళ్ళీ ఒకసారి చేయండి. కలిపిన ద్రావణం నిల్వ ఉంచితే తుప్పు రంగుకు మారి పనికిరాకుండా పోతుంది.

ఈ మొక్క ఆకు మొదళ్ళు చిన్న దొన్నెల వంటివి. అక్కడ నిలిచిన నీటిని, ఎరువును పీల్చుకునే శక్తి వాటికి ఉంది. అందుకే కుండీ మట్టిలో వేసిన దానికంటే, పలుచగా కలిపి అడుగు ఆకుల మొదళ్ళలో పోసిన యూరియా, పొటాష్ త్వరగా ఫలిస్తాయి. వాననీరు పట్టుకునే వీలుంటే అదే పోయండి. కొత్తగా కుండీ నింపేటప్పుడు ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక గాని కొబ్బరిపొట్టు గాని ఒక పాలు కలపండి. నల్లరేగడి వద్దు.

ప్రశ్న: వానలకు మొక్క మొవ్వు వాడిపోయింది. పట్టుకుని లాగితే నడిమి ఆకులు చేతిలోకి ఊడివచ్చాయి, చెడు వాసన వేస్తోంది. బతుకుతుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆ మొవ్వు ఇక బతకదు. నీరు నిలిచిన చోట ఫైటాఫ్తొరా అనే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి వల్ల వచ్చే మొవ్వు కుళ్ళు తెగులు అది. కాండం గట్టిగా ఉంటే కుళ్ళిన భాగం గీకివేసి, కుండీని వాన పడని చోట పెట్టి, నీరు పూర్తిగా ఆపండి. పక్కనుంచి పిలక పుడితే పుట్టవచ్చు. కాండం కూడా మెత్తబడితే మట్టితో సహా తీసివేయండి, ఆ మట్టిలో మరో అనాసను నాటవద్దు. ఆకు మొదళ్ళలో నీరు పోయమని పై జవాబులో చెప్పాను కదా, అది ఎండలు కాసే రోజుల మాట. ముసురులో ఆ దొన్నెలు ఎప్పుడూ నిండే ఉంటాయి, మనం కూడా పోయడం వాటికి శిక్ష. కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో వానలకు ముందే ఒక పుల్లతో పొడిచి చూసుకోవాలి.

ప్రశ్న: మా పెరటి అనాస పండులో చిన్న గట్టి గింజలు తగిలాయి. బజారు పండ్లలో ఎప్పుడూ చూడలేదు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ పెరట్లో గాని, గోడ పక్కన గాని రెండు రకాలు ఒకేసారి పూసి ఉంటాయి. అనాస తన రకపు పుప్పొడితో గింజ కట్టదు, వేరే రకపు పుప్పొడి తగిలితేనే కడుతుంది. తినడానికి ప్రమాదమేమీ లేదు. ఆ గింజలు నాటితే మొలుస్తాయి కాని, కాయడానికి చాలా ఏళ్ళు పడుతుంది, వచ్చే పండు తల్లిని పోలి ఉంటుందన్న భరోసా లేదు.

ప్రశ్న: ఆకుల అడుగున తెల్లని పిండి వంటిది, దాని చుట్టూ చీమలు. ఆకుల కొనలు ఎర్రబడి కిందికి వాలుతున్నాయి.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అది పిండినల్లి. ఆకులు ఎర్రబడి వాలడం దానివెంట వచ్చే వాడు తెగులు లక్షణం. చీమలు పిండినల్లిని తీపి కోసం పశువులను మేపినట్టు మేపుతూ, మొక్క నుంచి మొక్కకు మోసుకుపోతాయి కనుక ముందు చీమల దారి కట్టాలి. కుండీని నీరు నింపిన పళ్ళెంలో ఇటుక మీద నిలబెట్టడం తేలికైన ఉపాయం. తరువాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి ఆకుల సందులలోకి వెళ్ళేటట్టు వారానికి ఒకసారి మూడు వారాలు చల్లండి. బాగా వాలిపోయిన మొక్క నుంచి పిలకలు తీసి నాటవద్దు, జబ్బు కూడా వెంట వస్తుంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడి చలికి అనాస తట్టుకుంటుందా?
– ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: మంచుకు తట్టుకోదు. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే కుండీని ఇంట్లోకి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టి, నీరు బాగా తగ్గించండి. వెచ్చబడ్డాక బయట పెట్టేటప్పుడు మొదటి వారం నీడలో ఉంచండి. ఆకులు పెరిగే నెలలు మీకు తక్కువ కనుక మూడేళ్ళకు సిద్ధపడండి.

ప్రశ్న: మా మొక్కకు పండు వచ్చింది. ఎప్పుడు కోయాలి? కోసిన తరువాత తల్లి మొక్కను తీసివేయాలా?
– ఒక దంపతులు, వరంగల్లు

జవాబు: తొందరపడి పచ్చిగా కోస్తే ఇంట్లో రంగు మారుతుంది, వాసనా వస్తుంది, తీపి మాత్రం పెరగదు. మామిడిలా కోసిన తరువాత మాగి తియ్యబడే పండు కాదిది. అడుగు వరుసల కళ్ళు మూడో వంతు వరకు పసుపెక్కి, కళ్ళు చదునుగా విచ్చుకుని, దగ్గరికి వెళితే వాసన తెలిసినప్పుడు కాడను రెండంగుళాలు ఉంచి కోయండి. ఈ లోగా వరంగల్లు ఎండలలో పండు పడమటి వైపు మాడిపోయే ప్రమాదం ఉంది కనుక, దాని ఆకులనే పైకెత్తి పండు చుట్టూ వదులుగా కట్టండి, లేదా ఎండుగడ్డి కప్పండి. పండు బరువుకు కాడ ఒరిగితే ఊతకర్ర కట్టాలి. ఉడతల బెడద ఉంటే ఉల్లిపాయల వల సంచి తొడగండి.

తిన్న తరువాత నాలుక చురచురలాడితే కంగారుపడవద్దు. మాంసకృత్తులను కరిగించే బ్రొమెలిన్ అనే ఎంజైము పండులో ఉంది, దాని పని అది. కాసేపు ఉడికిస్తే పోతుంది.

ఇక తల్లి మొక్క. అరటి ఒక్క గెలకే అయిపోయినట్టు ఈ మొవ్వు కూడా ఒక్క పండుకే. కాని వెంటనే పెరికివేయకండి. దాని పక్కనుంచి వచ్చిన మొదలు పిలకలలో బలమైన దానిని, నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నదానిని ఒకటి ఉంచి, మిగతావి విరిచి వేరే నాటండి. తల్లి వేళ్ళ ఆసరా ఉన్నందున ఆ పిలక కొత్తగా నాటిన దానికంటే ముందే కాస్తుంది, అయితే పండు మొదటిదానికంటే కొంత చిన్నదిగా ఉండవచ్చు. ఇలా మూడు నాలుగేళ్ళు ఒకే కుండీలో తీసుకోవచ్చు. పిలకలు ఏటేటా కొంచెం పైనుంచి పుట్టి మొక్క కుండీలోంచి పైకి లేస్తూ ఒరిగిపోతుంది కనుక, ప్రతి ఏడూ వానలకు ముందు మొదట్లో నాలుగంగుళాల కొత్త మట్టి ఎగదోయండి. ఉంచిన పిలకకు అప్పటికే పదో పన్నెండో ఆకులు వచ్చి ఉంటాయి. సుద్దముక్క దగ్గర పెట్టుకోండి.